ఏటిమొగకు చేరని గొంతు

కిందటి వారం లోవలక్ష్మిని మనం మొగలిలంక పంచాయతీ ఆఫీసు అరుగు మీద, తడిసిన చీర అంచు పిండుకుంటూ ఉండగా వదిలి వచ్చాం. గోదావరి ఎర్రబడింది. అరటితోటల్లో నీళ్ళు మోకాలి లోతున నిలిచాయి. పాయకు అవతల, లంకకు తోకలా సాగిన ఏటిమొగ అనే చిన్న పేట ఆమె పుట్టిల్లు. ఆమె కూతురు హారతి, నాలుగేళ్ళది, అక్కడే తాత చిట్టియ్య దగ్గర ఉంది. పొద్దున్న కూరగాయల పడవలో పాపను పంపిస్తానన్న చిట్టియ్య పడవనైతే పంపాడు గాని పాపను పంపలేదు. "జ్వరం ఇప్పుడే జారింది. నీళ్ళ గాలి తగలనివ్వను. రేపు నేనే తీసుకొస్తానని చెప్పు" అని పడవవాడితో కబురంపాడు. ఆ మాట భర్త గంగరాజు చెవిన వేద్దామని ఆమె వస్తే, అతను మైకు పెట్టె ముందు నుంచి తల తిప్పలేదు.

లంకంతటికీ ఉన్నది గంగరాజు మైకు సెట్టు ఒక్కటే. పెళ్ళిలో పాట, పంచాయతీ చాటింపు, చక్కెర వచ్చిందన్న కబురు, అన్నీ అతని చేతి మీదుగానే ఊళ్ళోకి వెళతాయి. పంచాయతీ గదిలో బయల్దేరిన వైరు వీధివీధికీ ఒక హారన్‌ను మోసుకుంటూ, తాటిమానుల మీదుగా పాయ దాటి, ఏటిమొగలోని చివరి హారన్ దగ్గర ఆగుతుంది.

ప్రెసిడెంటు భీమరాజు గారు గట్టు నుంచి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది. ఎప్పుడూ నవ్వు మొహంతో కనిపించే మనిషి, ఆ రోజు ఎవరి పలకరింపుకీ బదులివ్వకుండా గదిలోకి వెళ్ళిపోయాడు.

"గంగరాజూ, మైకు ఇలా ఇవ్వు."

"ఏమైందండి?"

"ఇప్పుడు మనకి కనపడుతున్న నీరు నీరు కాదురా. పైనుంచి వస్తున్నది వేరే ఉంది. చీకటి పడేలోగా లంక మీద నిలబడ్డానికి చోటుండదంట."

భీమరాజు గారు మైకు ముందు కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, మామూలుగా చదివే 'గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక'ను ఒక్క ఊపిరిలో దాటేశాడు. "ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా లేవండి. సామాన్లు వద్దు. పశువుల పలుపులు విప్పేయండి. పెద్దవీధి వాళ్ళు పెద్దరేవుకి, నడిమివీధి వాళ్ళు రావిరేవుకి, ఏటిమొగ వాళ్ళు చిట్టియ్య పడవల్లో నేరుగా అవతలి గట్టుకి. మళ్ళీ చెబుతున్నాను..."

పైకప్పు మీది హారన్ నుంచి ఆ మాటలు దూసుకుపోయాయి. పెద్దవీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో పిల్లల్ని పేరు పేరునా పిలుస్తున్నారు. నడిమివీధి సత్తియ్య గొడుగు మూసి పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా గంగరాజూ! పెద్దవీధి హారన్ గర్జిస్తోంది, మా వీధిది మాత్రం కోడిపిల్లలా కూస్తోంది. వరదలో కూడా మేము తక్కువేనా?"

"వినపడింది కదా బాబాయ్, పదండి ముందు."

"వినపడిందిలే. మా ఆవిడ గొణిగినట్టు వినపడింది. ఆవిడ మాటా నేను వినను, అది వేరే సంగతి." అని సత్తియ్య వెళ్ళిపోయాడు. ఆ మాటకు ఇంకో రోజైతే అరుగంతా నవ్వేది.

లోవలక్ష్మి నవ్వలేదు. ఆమె ఆఫీసు వెనక గోడ దగ్గర, పాయ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. వింటోంది.

ఆమె పెళ్ళి చేసుకుని వచ్చిన కొత్తలో ఈ గోడ దగ్గరే ఒక వింత కనిపెట్టింది. ఇక్కడ మైకులో ఒక మాట అంటే, ఆ మాట ఇక్కడ అయిపోయాక, నీళ్ళ మీదుగా ఏటిమొగ హారన్ నుంచి అదే మాట ఆలస్యంగా తిరిగి వచ్చేది. పుట్టిల్లు తన మాటను మళ్ళీ అంటున్నట్టుండేది. ఎన్నో సాయంత్రాలు తమ పెరట్లో అంట్లు తోముతూ కూడా ఆ రెండో మాట కోసం చెవి ఒగ్గేది. అది ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు గుర్తులేదు. ఆగిపోయిందన్న సంగతే ఈ క్షణం దాకా ఆమెకు తట్టలేదు.

'మళ్ళీ చెబుతున్నాను' అన్న భీమరాజు గారి మాట మొగలిలంక మీద మోగి ఆగింది. ఆ తరవాత ఏటి హోరు తప్ప ఇంకేమీ రాలేదు.

ఆమె గదిలోకి వచ్చింది. భీమరాజు గారు పడవల దగ్గరికి పరుగెత్తాడు. గంగరాజు ఒక్కడే ఉన్నాడు, టేపులో పట్టిన ప్రెసిడెంటు గారి మాటను మళ్ళీ మళ్ళీ మోగిస్తూ. కరెంటు పోయి ఎంతో సేపైంది గనక మైకు పెట్టె ట్రాక్టరు బ్యాటరీ మీద నడుస్తోంది.

"ఏవండీ, ఏటిమొగకి వినపడిందంటారా?"

"వినపడకేం?"

"మాట తిరిగి రాలేదండి."

"ఏటి హోరులో ఏం వినపడుద్ది లోవా? మీ నాన్నకి పాము చెవులు. ఈ పాటికి పడవ గొలుసు విప్పే ఉంటాడు. నువ్వు పాపను తీసుకుని పెద్దరేవుకి నడువు, నేను వెనకాలే వస్తాను."

"పాప ఇక్కడ లేదు."

"అదేంటి? పొద్దున్న పడవలో..."

"పంపలేదండి నాన్న. పాప ఏటిమొగలోనే ఉంది. అది చెబుదామనే పొద్దున్నుంచీ తిరుగుతున్నాను."

గంగరాజు చెయ్యి మైకు పెట్టె మీదే ఆగిపోయింది. మరుక్షణం ఆ చెయ్యి గొంతు పెంచే మరను చివరిదాకా తిప్పింది. పైన హారన్ కీచుమంది. అతను లోవలక్ష్మి వంక చూడలేదు. కిటికీ సందులోంచి బయటికి పోతున్న వైరు వంక చూశాడు.

నమ్మకంగా మాట్లాడే మనిషి మొహం ఒక్కసారిగా ఖాళీ అయితే ఎలా ఉంటుందో అప్పుడు చూసింది ఆమె. అక్కడ ఉన్నది ఊరి పిల్లలే అనుకున్నంతసేపూ 'వినపడకేం' అన్న నోరు, తన పిల్ల అక్కడ ఉందనేసరికి మూతపడింది. అంటే వినపడదని ఇతనికి ముందే తెలుసు.

"ఏం చేశారండీ?"

ఆమె బయటికి నడిచి, కిటికీ కింద గోడకు కొట్టిన మేకు దగ్గర వైర్ల కట్టను విడదీసింది. ఆ వైర్లు ఆమెకు కొత్త కాదు. పెళ్ళైన ఏడాది ఏటిమొగ పాత లైను తీసి కొత్తది లాగినప్పుడు అతుకులకు టేపు చుట్టింది ఆమే. ఏడు రాగి పోగులు పేనిన బరువైన నల్లవైరు అది. చేత్తో పట్టుకుంటే చెరుకుగడంత నిబ్బరంగా ఉండేది. ఇప్పుడు ఆ మేకు నుంచి పాయ వైపు పోతున్నది పూలదండ కట్టే దారమంత సన్నంగా, తెల్లగా ఉంది. గోరుతో గీరింది. లోపల రాగి లేదు. వెండిలా మెరిసే అల్యూమినియం తీగ, ఒకే ఒక్క పోగు.

"మన రాగి వైరేదండీ?"

"బాక్సులకేశాను." వెనకే వచ్చి నిలబడ్డాడు గంగరాజు. "ప్రెసిడెంటు గారి అమ్మాయి పెళ్ళప్పుడు."

వైశాఖంలో జరిగిన ఆ పెళ్ళి లోవలక్ష్మికి బాగా గుర్తుంది. లంకలో మొదటిసారి మనిషి ఎత్తు స్పీకరు బాక్సులు దిగింది ఆ పెళ్ళికే. గంగరాజే మండపేట నుంచి తెప్పించాడు. పందిరి చివరిదాకా సన్నవైరు లాగి పాట పెడితే, డోలు దెబ్బ దుప్పటి కప్పుకుని మోగినట్టుంది. నిడదవోలు నుంచి వచ్చిన మగపెళ్ళివారి కుర్రాళ్ళు అతను వినేట్టుగానే అన్నారు. "మీ లంక మైకుకి పడిశం పట్టినట్టుందండోయ్, ఆవిరి పట్టించండి." ఆ మధ్యాహ్నమంతా గంగరాజు మాయమైపోయాడు. సాయంత్రం తిరిగి వచ్చి అవే బాక్సులు మోగిస్తే పందిరి గుంజలు అదిరాయి. డోలు దెబ్బ లోవలక్ష్మి డొక్కల్లో తగిలింది. పాటలో వేణువు వెనక ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా వినపడింది. ఆమె అప్పుడు భర్త వంక గర్వంగా చూసింది. కొత్తగా ఏ మంత్రం వేశారని అడగలేదు. అడగాలని తోచలేదు.

"రెండు రోజులకనే దింపాను లోవా. మళ్ళీ వేసేద్దామనే. కానీ ఆ వైరు మీద బాక్సులు పలికిన పలుకు ఒకసారి విన్నాక మళ్ళీ దాన్ని హారన్‌కి కట్టబుద్ధి కాలేదు. హారన్‌దేముంది, అరుపే కదా, దానికి సన్నతీగ చాల్లే అనుకున్నాను. మొదట్లో చాలింది కూడా. తరవాత నడిమివీధి వాళ్ళు మాకో హారన్ అన్నారు. వాళ్ళకిచ్చానని రేవువీధి వాళ్ళు అలిగారు. రామాలయం దగ్గరొకటి. పెద్దవీధిలో ప్రెసిడెంటు గారింటి ముందు రెండోది. అన్నీ ఈ తీగకే."

"తీగ ఒప్పుకుందా?"

అతను తల వంచుకున్నాడు. "వైరంటే చేలోకి నీరు పోయే బోదె లాంటిదే. పెద్దకాలవైతే ఎంత దూరమైనా నీరు ఉరవడి తగ్గకుండా పోతుంది. సన్నబోదెలో వదిలితే సగం దారిలోనే ఇంకిపోతుంది. ఈ తీగలో గొంతు అలాగే ఇంకిపోతుంది. దానికి తోడు దారి పొడుగునా ప్రతి హారనూ తన వాటా తాగుతుంది. చివరికి శివారు పొలానికి చెమ్మ కూడా మిగలదు."

"ఒక్క చెమ్మైనా పోతుందా మరి?"

"పాయ ఒడ్డున తాటిమాను దగ్గర పాత రాగి ముక్క మిగిలితే, దానికీ దీనికీ ముడేశాను. అక్కడికి ఉప్పుగాలి కొడుతుంది. రాగి పక్కన ఇది పడితే తడిలో ఒకదాన్నొకటి తినేస్తాయి. చిలుం పట్టి ఉంటది. పోయిన నెలలో ఒకసారి చూద్దామనుకున్నాను..."

అతని మాట మధ్యలోనే ఆగింది. పాయ వైపు చూస్తే తాటిమాను మొదలు కనపడటం లేదు. మాను నడుముదాకా ఎర్రనీరు సుడి తిరుగుతోంది. ఇప్పుడు అక్కడికి వెళ్ళి ముడి విప్పేవాడెవడు?

ఏటిమొగ వాళ్ళు ఇన్నాళ్ళూ నోరెత్తలేదేమని ఎవరైనా అడగవచ్చు. వాళ్ళకు హారన్ సన్నబడిందని తెలుసు. ప్రెసిడెంటు గారు తమను శివారోళ్ళని చిన్నచూపు చూసి గొంతు తగ్గించాడని వాళ్ళు అనుకున్నారు. "పెంచమని మనం పోయి అడుక్కోవాలా? మనకి చెవుల్లేవా?" అని చిట్టియ్యే అన్నాడు. పౌరుషానికి పోయి, గాలి లేని పొద్దుట పూట చెవులు రిక్కించి చక్కెర కబురు విని సరిపెట్టుకున్నారు.

"నేను దోనెలో వెళ్తాను. చెప్పి తీసుకొస్తాను" అన్నాడు గంగరాజు.

"పాయలో దోనె నిలబడుద్దా? నిలబడిందే అనుకోండి. మీరు చెబితే మా నాన్న పడవ విప్పుతాడా?"

ఆ ప్రశ్నకు జవాబు లంకలో ప్రతివాళ్ళకూ తెలుసు. లోవలక్ష్మి చిన్నప్పుడు, ఇలాంటి వరదలోనే, ఎవడో గట్టు తెగిందని కేకేసుకుంటూ ఏటిమొగలోకి పరుగెత్తుకొచ్చాడు. పేటంతా ఒక్క పడవలోకి దూకింది. పడవ తిరగబడింది. ఆమె అన్న మళ్ళీ పైకి తేలలేదు. తీరా చూస్తే గట్టు తెగనే లేదు. ఆ తరవాతే భీమరాజు గారి తండ్రి పట్టుబట్టి పాయ మీదుగా మొదటి మైకు లైను వేయించాడు. చిట్టియ్య పడవలకు గొలుసు బిగించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఏరు పొంగి రాకపోకలు ఆగి, గొలుసు పడిందంటే మైకు చెబితేనే తాళం తీస్తాడు. మనిషి నోటిమాట మీద, వాడు దేవుడైనా సరే, ఏటిమొగ కదలదు. నీళ్ళు వాకిట్లోకి వచ్చినా కదలదు. లంకలో నీళ్ళు వాకిట్లోకి రావడం ప్రతి ఏడూ ఉన్నదే. మంచం ఎత్తి పెట్టుకుంటారు, తెల్లారేసరికి నీరు తీసి వెనక్కి పోతుంది. ఈసారి తీసే నీరు కాదని వాళ్ళకు చెప్పవలసింది మైకు ఒక్కటే.

లోవలక్ష్మి ఆ తీగను వేళ్ళ మధ్య పట్టుకుని గంగరాజు వైపు తిరిగింది.

"శివారుకి నీరు అందనప్పుడు ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తారు, వంతు పెడతారు."

"అంటే?"

"ఎగువ తూములు మూసేసి..." గంగరాజు తల ఎత్తాడు. "హారన్లు తీసెయ్యమంటావా?"

"అన్నీ."

నిచ్చెన భుజాన వేసుకుని అతను పెద్దవీధిలోకి పరుగెత్తాడు. మొదటి హారన్ వైరు ఊడదీస్తుండగానే భీమరాజు గారు ఎదురొచ్చాడు.

"ఏంట్రా అది? మతి పోయిందా నీకు?"

లోవలక్ష్మి నిచ్చెన పట్టుకుని కిందే ఉంది. భర్త చేసిన పని దాచకుండా చెప్పింది. తన భర్త అని మెత్తగా చెప్పలేదు, ఆయన మీద కోపంతో పెంచీ చెప్పలేదు. భీమరాజు గారు గంగరాజు వంక చూసిన చూపుకు నిచ్చెన మీది మనిషి కళ్ళు దించుకున్నాడు.

"నా కూతురి పెళ్ళిలో మోగిందా ఆ వైరు?"

"ఆయ్."

"తరవాత మాట్లాడతాను నీతో. అమ్మా లోవా, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఈ వీధిలో ఇంకా సగం మంది ఇళ్ళల్లోనే ఉన్నారు. మైకు అరుస్తోంది గనక కదులుతున్నారు. అది ఆగిందంటే ప్రమాదం తప్పిందనుకుంటారు. మన వాళ్ళ సంగతి నీకు తెలీదా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ మాట అంటుండగానే ఎదురింటి గుమ్మంలో ఒకావిడ ఆగి, పైకి చూసి, "మైకు ఆగిందే. ఇంక ఫర్వాలేదేమో లేవే" అని కోడలితో చెప్పి, నెత్తి మీది మూట అరుగు మీద దించింది.

"చూశావా?" అన్నాడు భీమరాజు గారు.

లోవలక్ష్మి నిచ్చెన వదల్లేదు. "చూశానండి. వీళ్ళకి మైకు ఆగితే మీరున్నారు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడానికి మనుషులున్నారు, రేవులో పడవలున్నాయి. ఏటిమొగకి ఈ తీగ తప్ప ఇంకెవరున్నారండి? శివారు రైతు వచ్చి తూము దగ్గర కూర్చుంటే, మీ నాన్నగారు తన చేనుకి పోయే తూము మొదట మూయించేవారని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. అది నీళ్ళకి. ఇది ప్రాణాలకి అడుగుతున్నాను."

వాన మళ్ళీ మొదలైంది. భీమరాజు గారు తన ఇంటి ముందు హారన్ల వంక చూశాడు. పక్క సందులోంచి సత్తియ్య గొడుగు లేకుండా వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు.

"మా వీధిది ముందు పీకేయండర్రా. ఎలాగూ కూయని కోడి. నేనే ఇంటింటికీ తిరిగి అరుస్తాను. నా గొంతుకి వైరు అక్కర్లేదు."

"మా ఇంటి ముందు రెండున్నాయి" అన్నాడు భీమరాజు గారు చివరికి. "అవి నేను తీస్తాను. గంగరాజూ, నువ్వు రామాలయం దగ్గరికి పో."

ఒక్కొక్క హారనూ మూగబోతుంటే ఊళ్ళోకి ఏటి హోరు ఇంకా దగ్గరగా వచ్చింది. ఇన్నాళ్ళూ మైకు చప్పుడు కింద అది ఎంత పెద్దగా ఉందో ఎవరికీ తెలియలేదు. పెద్దవీధిలో భీమరాజు గారు తలుపులు బాదుతూ అరుస్తున్నాడు. దించిన మూటలు ఎత్తని వాళ్ళను తిడుతున్నాడు. నడిమివీధిలో సత్తియ్య గొంతు బొంగురుపోయింది.

మైకు గదిలోకి తిరిగి వచ్చేసరికి గంగరాజు చేతులు మోచేతుల దాకా గీసుకుపోయి ఉన్నాయి. అతను ఏటిమొగ తీగ ఒక్కదాన్నే మైకు పెట్టెకు తగిలించాడు. మర చివరిదాకా తిప్పాడు.

"ప్రెసిడెంటు గారు లేరు. నువ్వే చెప్పు."

లోవలక్ష్మి ఇంతవరకూ మైకులో మాట్లాడలేదు. మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నాన్నా, నేను లోవని. మైకులోంచే చెబుతున్నాను. పడవ గొలుసు విప్పు. ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా అవతలి గట్టుకి వెళ్ళిపోండి. ఇది తీసే నీరు కాదు నాన్నా. హారతిని ఎత్తుకో. గొలుసు విప్పు."

పైన హారన్ లేదు గనక ఆమె మాట గదిలోనే పడి ఆగింది. చీకట్లో గోడకు చెబుతున్నట్టుంది. అదే మాట మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పింది.

"వినపడిందంటారా?"

గంగరాజు పెదవి కొరుక్కున్నాడు. "చూద్దాం. హారన్‌కి నోరే కాదు లోవా, చెవి కూడా ఉంటది. దాని ముందు ఎవరైనా మాట్లాడితే లోపలి రేకు కదులుతుంది. ఆ కదలిక ఇటు రావాలి." అతను ఏటిమొగ తీగ ప్లగ్గును ఊడదీసి, మైకు పెట్టవలసిన కన్నంలో గుచ్చాడు. మూలనున్న చిన్న స్పీకరును అటు కలిపాడు.

"సన్నతీగ కదండీ. ఇటు మాత్రం వస్తుందా?"

"పంపడానికే బలం కావాలి. వినడానికి అక్కర్లేదు. కాస్త గుసగుస చాలు, మిగతాది పెట్టె పెంచుకుంటుంది."

మొదట చిటపటలు. చిలుం పట్టిన ముడి గొణుగుడు. తరవాత, ఎవరో తెర తీసినట్టు, ఏటిమొగ గదిలోకి వచ్చేసింది.

నీళ్ళు దేన్నో తడుముతున్న చప్పుడు. దూరంగా గేదె అరుపు. కొంచెం అవతల గొలుసు కదిలిన చప్పుడు. పడవ ఇంకా కట్టే ఉంది.

"ఏదో అందిరా హారన్" అని ఎవరో అన్నారు.

"గాలికి మూలుగుతోంది." అది చిట్టియ్య గొంతు. నిదానంగా, ఎప్పటిలాగే, ఎవరికీ భయం తగలనివ్వని గొంతు. "మైకు మాట్లాడితే మాటలు తెలీవా మనకి? ఉమ్ ఉమ్మంటే అది మైకా? ఎవరూ కదలొద్దు. గేదెల్ని మెరక మీదకి తోలండి, పదండి."

"నాన్నా!" అని లోవలక్ష్మి స్పీకరు మీదికి వంగి అరిచింది. ఆ అరుపు అటు వెళ్ళదు. తీగ ఒక్కటే. వింటే చెప్పడానికి లేదు, చెబితే వినడానికి లేదు.

చిట్టియ్య గొంతు గేదెల వెంట దూరమైంది. నీళ్ళ చప్పుడు మిగిలింది. అంతలో, ఆ నీళ్ళ చప్పుడుకు దగ్గరగా, హారన్ మూతికి ఎదురుగా అన్నట్టు, ఇంకో గొంతు.

"అమ్మా?"

గంగరాజు చిన్న స్పీకరు గొంతు పెంచాడు.

"తాతా, అమ్మ పిలిచింది. అమ్మే. ఉమ్ అంది."

ఎవరూ బదులివ్వలేదు. మాటలు ఇంకిపోయినా గొంతు తీరు మాత్రం అంత దూరం వెళ్ళింది. పెద్దవాళ్ళకు అది గాలి. కడుపున పుట్టినదానికి అది అమ్మ.

నీళ్ళలో చిన్న అడుగుల చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి. ప్రతి అడుగూ ముందుదానికన్నా స్పష్టంగా వినపడుతోంది. లోవలక్ష్మి కళ్ళ ముందు ఏటిమొగ మెదిలింది. హారన్ ఉన్నది రేవు అంచున, ఏటి మీదికి వాలిన ఇంకో తాటిమాను మీద. దాని కింద మెట్లు. మెట్ల మీద ఇప్పుడు ఎర్రనీరు. పాప ఆ నీటిలోకి దిగుతోంది. అమ్మ గొంతు వచ్చింది అక్కడినుంచే గనక అటే వెళుతోంది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

గంగరాజు ప్లగ్గు ఊడదీశాడు. గదిలో ఏటిమొగ ఆరిపోయింది. అతను ప్లగ్గును మాట వెళ్ళే కన్నం అంచున ఆనించి పట్టుకున్నాడు.

"చెప్పు లోవా, ఆగమని చెప్పు! వెనక్కి వెళ్ళమని చెప్పు!"

లోవలక్ష్మి మైకు నోటి దగ్గర పెట్టుకుంది. 'ఆగు' అన్నా 'వెళ్ళు' అన్నా అక్కడ వినపడేది ఒక్కలాగే ఉంటుంది. మాట దారిలోనే ఇంకిపోతుంది. అమ్మ గొంతు మాత్రం మిగులుతుంది. అది వింటే పాప ఇంకో మెట్టు దిగుతుంది. మైకు మూగబోతే చిట్టియ్య ఇక ఆ హారన్ వైపు తల తిప్పడు, గొలుసు విప్పడు.

"లోవా! పెట్టమంటావా, వద్దా?"